ఎదుర్లంక దాటితే ఎవరి దేశం?

ముమ్మిడివరం మీదుగా వచ్చి ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కితే కింద గౌతమి వెడల్పుగా పరుచుకుని కనిపిస్తుంది. వంతెన దిగేసరికి బళ్ల నంబరు పలకల మీద ఏపీ తగ్గి పీవై 04 మొదలవుతుంది. అదే తెలుగు, అదే కొబ్బరితోట, అదే పులస కబుర్లు. యానాం వచ్చిందన్నమాట. ముప్పై చదరపు కిలోమీటర్లయినా సరిగ్గా లేని ఈ నేల ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, 1954 దాకా ఫ్రాన్సు చేతిలో ఉండేది. అప్పట్లో కోనసీమ నుంచి రేవు దాటడమంటే దేశం దాటడమే. ఈ దారిన తిరుగుతూ నేను ఒక మాట తేల్చుకోవాలనుకున్నాను. పరాయి దేశంలో ఎలా మసలాలి అనగానే మనం బస్సులు, టికెట్లు, భాష, తిండి గురించి చెప్పుకుంటాం. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ దేశం మనకు ఎక్కడ పరాయిది, కాగితం మీదా, మనుషుల్లోనా అన్నది ముందు తెలియాలి. ఈ రెండూ ఒకచోటే ఉంటాయని అనుకోవడం వల్లే ప్రయాణికుడు దెబ్బతింటాడు. ఆ రెండూ ఎంత దూరంగా ఉండగలవో చూడటానికి యానాం నుంచి కోరంగి వరకు వెళ్లే చిన్న దారి చాలు.

యానాంలో ఫ్రెంచివాళ్లు 1723లో వర్తకం మొదలుపెట్టారు. మధ్యలో విడిచిపెట్టినా మళ్లీ వచ్చి పాతుకున్నారు. 1846 నాటి సెయింట్ ఆన్ చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. మనుషుల లెక్కన చూస్తే యానాం ఎన్నడూ పరాయిది కాదు, పిల్లనిచ్చిన వాళ్లూ తెచ్చుకున్న వాళ్లూ గట్టుకి ఇటూ అటూ ఉన్నవాళ్లే. అయినా కాగితం ఊరికే లేదు. బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాల్ని అడ్డుకునే శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండాలి. ఆ చట్టం యానాంలో చెల్లేది కాదు. అందుకని చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్లివారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి మూడుముళ్లు వేయించుకుని వెళ్లేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. వినడానికి చల్లగా ఉన్న ఆ పేరు వెనక ఎందరు పసిపిల్లలున్నారో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. పెట్టెలూ బాజాలూ ఎక్కిన పడవ నడి ఏట్లోకి వచ్చేసరికి, పడవలో కూర్చున్న పిల్ల ఒక చట్టం కాపలా నుంచి జారి ఇంకో చట్టం కిందికి వెళ్లిపోయేది. నీళ్ల మీద గీత ఉండదు. సరిహద్దు ఒట్టి కాగితమే, మనిషికి మనిషి అడ్డా అని వాదించేవాళ్లకి నేను ఈ పడవనే చూపిస్తాను.

యానాం దాటి కాకినాడ వైపు కొద్దిదూరం వెళ్తే తాళ్లరేవు, కోరంగి వస్తాయి. కొయ్య ఓడలు కట్టే పనికి తాళ్లరేవు పేరుపడ్డది. కోరంగి ఒకప్పుడు ఈ తీరంలో పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఉప్పెన దాన్ని ముంచేసింది. ఆ తర్వాత అది కోలుకోలేదు, ఓడల రాకపోకలు కాకినాడకు మళ్లాయి. అప్పట్లో కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి, దూరంగా లంగరేస్తే పడవల్లో మనుషుల్నీ సరుకునీ చేరవేయాల్సి వచ్చేది. అలా ఎక్కిన వాళ్లలో వేలమంది రంగం వెళ్లారు. పాత తరానికి రంగూన్ అంటే రంగమే. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, కాబట్టి బంగాళాఖాతం దాటి అంత దూరం వెళ్లేవాడు కాగితం లెక్కన సొంత దేశంలోనే తిరుగుతున్నట్టు. రేవు దాటి యానాం వెళ్లేవాడు విదేశం వెళ్తున్నట్టు! రంగంలో ఓడరేవు కూలీలు, బియ్యం మిల్లుల్లో పనివాళ్లు, రిక్షా లాగేవాళ్లు ఎక్కువగా మన తీరం నుంచి వెళ్లినవాళ్లే. తెలుగువాళ్లందరికీ అక్కడ పేరు ఒక్కటే, కోరంగీ. కాకినాడలో ఎక్కినా విశాఖలో ఎక్కినా కోరంగీ. ఊళ్లో ఏ మూలకు పోవాలన్నా తెలుగులో అడిగితే దారి దొరికేది, ఎందుకంటే దారి మీద బరువు లాగుతున్నవాడు తెలుగువాడు.

ఇంత సొంతంగా ఉన్న ఊరు 1930 మే చివరలో ఒక్కసారిగా పరాయిదైంది. రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే ఆ చోట్లో బర్మీయుల్ని పనిలో పెట్టారు. సమ్మె తీరి పాతవాళ్లు తిరిగి రాగానే బర్మీయుల్ని తీసేశారు. అక్కడ మొదలైన గొడవలో వందకు పైగా ప్రాణాలు పోయాయి, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కోరంగీలు. ఆ వీధుల్ని వాళ్లకంటే బాగా ఎరిగినవాడు లేడు. అయినా ఆ రోజున వాళ్లకి దారి దొరకలేదు. దారి తెలియడం, చోటు దక్కడం రెండూ ఒకటి కావు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ నడిచి అస్సాం చేరబోయారు. ఎందరో మధ్యలోనే రాలిపోయారు.

వాళ్లు కూలికి పోయినవాళ్లు, చూడటానికి పోయే మనతో పోలికేమిటి అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. కానీ చూడటానికి పోయేవాడి సుఖం కూడా అక్కడ కష్టం చేసేవాడి మీదే నిలుస్తుంది. రంగంలో రిక్షా ఎక్కిన దొర ఎవరి భుజం మీద తిరిగాడో ఆ భుజాన్ని చూడకపోతే ఆ ఊరిని చూసినట్టు కాదు. ఇంకొకరు అంటారు, మనవాళ్లు ఉన్నచోట ఏ దేశమైనా సొంతదేనని. ఇందులో కొంత నిజముంది, కొంత ప్రమాదమూ ఉంది. రంగంలో మనవాణ్ణి చేర్చుకున్నది మేస్త్రీ. ముందుగా డబ్బిచ్చి ఓడ ఎక్కించేవాడు, పని చూపించేవాడు, కూలి చేతికి వచ్చేలోపు తన వాటా కోసుకునేవాడు. దారి చూపే చెయ్యే పట్టుకుని వదలని చెయ్యి కూడా అయింది. ఇప్పుడు కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల కథలో మేస్త్రీ చోట్లో ఏజెంటు ఉంటాడు. అక్కడ దిగాక పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి వెళ్లిపోతే, ఫోన్‌లో మ్యాపు ఎంత చక్కగా దారి చూపించినా గడప దాటడానికి పనికిరాదు. అందుకే మసలడం నేర్పే పుస్తకాల్లో బస్సు రంగుల కన్నా ముందు ఈ మాట ఉండాలంటాను: నీ కాగితం ఎవరి చేతిలో ఉంది, నీ వెనక ఎవరున్నారు.

కదలకుండానే దేశం మారినవాళ్లు కూడా ఈ దారిలోనే ఉన్నారు. దడాల రఫేల్ రమణయ్య ముందు నిలిచి నడిపిన ఉద్యమంతో 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి చేతి నుంచి జారింది. నవంబరు 1న పాలన మనకు వచ్చింది, చట్టప్రకారం అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఒప్పందంలో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే గడువు కూడా ఉంది. ఇంటి అరుగు మీద కూర్చున్నవాడు ఎటూ కదలకుండా తన దేశం ఏదో చెప్పుకోవలసి వచ్చిందన్నమాట. బర్మాలో ఉండిపోయిన తెలుగువాళ్లకు ఇదే తిరగబడి, సొంతది పరాయిదై జరిగింది. వాళ్లు కదల్లేదు, దేశమే వాళ్ల కింద నుంచి కదిలిపోయింది.

కోరంగి దగ్గర మడ అడవిలో చెక్కల బాట వేశారు. పోటు తీసిన వేళ బురదలోంచి మడచెట్ల ఊపిరివేళ్లు వేలకొద్దీ పైకి పొడుచుకుని కనిపిస్తాయి, వాటి నడుమ చిన్న పీతలు అటూ ఇటూ పాకుతుంటాయి. పెద్ద ఓడలు వచ్చిన నీళ్లు ఇవే. మేట వేసి రేవు మూతపడింది. ఇక్కడ ఊరిపేరు చిన్నబోయిన కాలంలోనే అక్కడ రంగంలో అది మనుషుల పేరై వీధుల్లో తిరిగింది.