మూయని వాకిలి, మూసిన గేటు

సూళ్లూరుపేటలో కాళంగి యొడ్డున వెలసిన చెంగాళమ్మ గుడికి తలుపులు మూయు నాచారము లేదు. రేయింబవళ్లు తల్లి దర్శనము లభించును. చెన్నపట్టణమునుండి గూడూరునకు బోవు రైలుమార్గ మీ యూరిమీదుగనే సాగుచున్నది. లోకలు రైళ్లును వచ్చి పోవుచుండును.

ఎచ్చటనైనను రైలుగేటు మూసినచో బండ్లవారు నిలువవలసినదే. 1989 నాటి రైల్వేచట్టము 160వ సెక్షను ననుసరించి, మూసిన గేటును అధికారము లేక తెఱచినవారికి 3 ఏండ్లవఱకు, విఱుగగొట్టినవారికి 5 ఏండ్లవఱకు చెఱసాల విధింపవచ్చును. ఇది కాఠిన్యము గాదు. వేగముగ వచ్చు రైలు బ్రేకు వేసినను వెంటనే నిలువజాలదు, మోటారుసైకిలు నిలువగలదు. అమ్మ వాకిలి తెఱచియుండుట దయయైనట్లే, ఆ గేటు మూసియుండుటయు దయయే.

గేటుక్రింద వంగి బండిని దూర్పబోవు భర్తతో వెనుక కూర్చున్న యిల్లాలు “ఆగుడు, రైలు పోనిండు” అన్నచో, పోలీసు లేనిచోటను చట్టము నెగ్గును.