పిల్లుల గుహ

ఐర్లండు దేశమున రాస్‌కామన్ మండలమందు టల్స్క్ అను చిన్న గ్రామము కలదు. దాని చేరువనే రాత్‌క్రోహన్ అను ప్రాచీన రాజస్థానపు తావు. మేడలు నేడు లేవు. పచ్చిక మొలచిన మట్టిదిబ్బలు మాత్రము మిగిలినవి. అచ్చట ముండ్లచెట్టు క్రింద ఒక గుహాద్వారమున్నది. దానిని ఆ దేశభాషలో ‘పిల్లుల గుహ’ యందురు. అక్టోబరు 31వ తేది రాత్రి పిల్లలు భూతవేషములు దాల్చి యిల్లిల్లు తిరుగు హాలోవీన్ పండుగకు మూలము, చలికాలారంభపు ‘సావిన్’ పర్వము. ఆ రాత్రి భూతములు వెలువడు ద్వార మిదియేనని పూర్వగాథలు చెప్పుచున్నవి.

మేము శరత్కాలమున ఆ తావును చూడబోయితిమి. ద్వారము మిక్కిలి ఇరుకు; మోకాళ్లపై ప్రాకియే లోనికి పోవలెను. పైదూలపు రాతిమీద ఓగమ్ అను ప్రాచీనలిపి గీతలు చెక్కబడియున్నవి. లోపల బురద, చీకటి, నీటిచుక్కల సవ్వడి. దీపము లార్పినంతనే మా చేతులు మాకే కానరావయ్యెను. మూడు తలల రక్కసియు, ఊపిరి సోకిన మాత్రమున పైరుపచ్చలను మాడ్చు పక్షులును ఇందుండియే వచ్చినవని వినగా మాకు నవ్వు రాలేదు.

ఈ తావునకు చెందిన కథ యొకటి స్త్రీలెల్లరు వినదగినది. సావిన్ నాటి రాత్రి ఆయిలిల్ రాజును, మేవ్ రాణియు కొలువుండిరి. ముందునాడు ఉరిదీయబడిన ఖైదీ కాలికి తీగె చుట్టి వచ్చిన వానికి బహుమాన మిత్తునని రాజు పలికెను. పోయిన వారెల్ల చీకటికి జంకి మరలిరి. నేరా అను వాడొక్కడే ఆ పని నెరవేర్చెను. అంతట శవము నోరు తెరచి, తనకు దాహమగుచున్నదనియు, ఏదేని యింటికి మోసికొని పొమ్మనియు కోరెను. మన విక్రమార్కుని భుజముపైనున్న బేతాళుడు జ్ఞప్తికి రాకపోడు.

మొదటి యింటిచుట్టు అగ్నివలయము; ఆ యింట రాత్రివేళ నిప్పును బూడిదతో కప్పుట మరువరు. రెండవ యింటిచుట్టు జలవలయము. అచ్చట వాడిన నీరు రాత్రి నిలువయుంచరు. మూడవ యింట కప్పని నిప్పును, కడిగిన నీళ్ల తొట్టియు, మురికినీటి కుండయు నుండెను. శవము నిరాటంకముగ లోని కేగి, ఆ నీరు త్రావి, కడపటి గ్రుక్కను నిద్రించువారి మొగములపై ఉమిసెను. వారెల్లరు మృతులైరి.

సోదరీమణులారా! భూతము నాపినది కోటగోడయు కాదు, కత్తియు కాదు. పండుకొనుటకు ముందు చేసిన చిన్న యింటిపనులు. అంట్లు విడిచిన యింట జ్యేష్ఠాదేవి నిలుచునని మన యవ్వలు చెప్పుటయు నిట్టిదే. నిప్పురవ్వవలనను, మురుగువలనను గలుగు కీడునకు పూర్వులు శవరూప మిచ్చిరి. పిల్లలకు ఆరోగ్యసూత్రము గుర్తుండదు. మూడవ యిల్లు గుర్తుండును.

నేడు గుమ్మడికాయను తొలిచి దీపము పెట్టుట అమెరికానుండి వచ్చిన వాడుక. ఐర్లండువారు పూర్వము టర్నిప్ దుంపలను తొలిచెడివారు. ఉంగరము దాచిన తీపిరొట్టె మాత్రము నేటికిని ఆ దినములలో అంగళ్లయందు దొరకును.

కథ తుద యింకను మంచిది. నేరా ఈ గుహలోనికే పోయి, అందలి స్త్రీని వివాహమాడెను. మరుసటి సావిన్ నాడు కోటకు రాబోవు ముప్పును ముందుగ తెలిపి, తనవారిని కాపాడుకొమ్మని అతనిని పంపినది ఆమెయే. పొయ్యి ఆర్పి, అంట్లు కడిగి, ఆ పిమ్మట ఈ కథను మీ పిల్లలకు చెప్పుడు.