నెమలిగుండం దారిలో

మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి నీటి విలువను ఎవరూ ప్రత్యేకించి బోధింపనక్కరలేదు. వాన కొరకు ఆకాశం వంక చూచుట, బిందెలు వరుసలో పెట్టి వేచియుండుట మా మార్కాపురం, గిద్దలూరు సీమలలో నిత్యానుభవమే. అయినను ఆ నీరు ఏ దారిన వచ్చుచున్నదో కన్నులారా చూచినవారు మాలో అరుదు. అది చూడగోరి కార్తికమాసంలో ఒక శనివారం నాడు, అటవీశాఖ వారి అనుమతితో, తెలుగు, ఉర్దూ విభాగాల విద్యార్థులము కలిసి నెమలిగుండానికి బయలుదేరినాము.

గిద్దలూరు నుండి రాచర్ల మండలంలోని జె.పుల్లలచెరువు మీదుగా నల్లమలలో ప్రవేశించితే గుండ్లకమ్మ కనిపిస్తుంది. గుండ్లబ్రహ్మేశ్వరం దాపున పుట్టిన ఈ నది ఇక్కడ ఇంకను వాగువలెనే ఉన్నది. పులులు తిరిగే అడవి కనుక గుంపు విడువరాదని ముందే నియమం చేసుకొన్నాము. ఒడ్డు ఉన్నచోట ఒడ్డున, లేనిచోట మోకాలిలోతు నీటిలో నడిచినాము. అడుగున గుండ్రని రాళ్లు, రాళ్లపై పాచి. “తేటనీళ్లు లోతు చెప్పవు నాయనా, ముందు కర్ర ఏయండి, తర్వాత కాలు ఏయండి” అని దారి చూపవచ్చిన వృద్ధుడు హెచ్చరించినాడు. చెప్పులు చేతబట్టి, ఒకరి చేయి ఒకరము అందుకొని సాగినాము. ఏ చేయి ఏ విభాగానిదో ఎంచే తీరిక ఎవరికున్నది?

మలుపు తిరుగగానే హోరు వినవచ్చినది. బండలపై నుండి నీరు తెల్లగా గుండంలోకి దుముకుచున్నది. మేము జలపాతమన్నాము. ఉర్దూ మిత్రులు ఆబ్‌షార్ అన్నారు. వృద్ధుడు మాత్రం, “ఈయేడు కంభం చెరువుకు కొదవ లేదు” అన్నాడు.

మేము అందం చూచినచోట ఆయన పంట చూచినాడు. దిగువన రెండు కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మను, జంపలేరును నిలిపినదే కంభం చెరువు. విజయనగర రాజుల నాటిది. కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దానిని ప్రపంచ వారసత్వ సేద్య కట్టడంగా గుర్తించినది. ఆ ఘనతకు మూలం అడవి పట్టి నిలిపి, మెల్లగా విడిచే ఈ నీరే.

కొందరు రంగనాయకస్వామి దర్శనానికి వెళ్లినారు. కొందరు ఆ వాగునీటితో వజూ చేసుకొని బండపై జొహర్ నమాజు చదివినారు. పారే నది ఒడ్డున ఉన్నను వజూ నీటిని వృథా చేయరాదని ఇస్లాం సంప్రదాయమని ఒక ఉర్దూ మిత్రుడు వివరించగా, గంగను తల్లి అనుటలోని అంతరార్థమూ అదియే కదా అని మాకు తోచినది.

తిరిగివచ్చునపుడు యాత్రికులు రాళ్ల సందులలో విడిచిన ప్లాస్టిక్ సీసాలను సంచులలో ఏరుకొన్నాము. గుండంలో పడినది కంభం చేరక మానదు. మన కళాశాల మేడపై పడిన వాననీరు వీధి కాలువలో కలిసి పోవుచున్నది. దానికొక ఇంకుడుగుంత త్రవ్వుటకు కమిటీ పెద్దలు అనుమతింపవలెనని కోరుచున్నాము. పలుగు పార పట్టుటకు ఉభయ విభాగాల విద్యార్థులము సిద్ధముగా ఉన్నాము.