తేటనీరు

మా యూర ఈత నేర్చుకొను పిల్లలకు పెద్దలు మొదట నేర్పునది కాలుసేతులాడించుట కాదు. గడతో నీటిలోతు కొలుచుట. ఊరి వెలుపలి దిగుడుబావిలో నీరు మిక్కిలి తేట. అడుగునగల గులకరాళ్లను లెక్కింపవచ్చును. ఆ తేటదనమే ప్రమాదకరము. ఒక వేసవిలో పొరుగూరినుండి వచ్చిన బాలుడొకడు, "ఇది నా మెడవరకైనను రాదు" అని దిగి నిలువున మునిగిపోయెను. మా పినతండ్రిగారు గడ యందిచ్చి వానిని గట్టుకు లాగిరి. తేరుకొనిన పిదప వాడు, "నా కన్నే నన్ను మోసగించినది" అని యేడ్చెను.

కన్ను చేసిన నేరమేమియు లేదు. వెలుగు గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పయనించును. నీటిలో సుమారు 2 లక్షల 25 వేలు మాత్రమే. వేగము మారుటచేత, నీటినుండి ఏటవాలుగా వెలువడు కిరణము నీటిమట్టము కడ వంగును. కన్నున కా వంపు తెలియదు. కిరణము తిన్నగా వచ్చినదనియే తలచి, అడుగునగల రాయిని పైకెత్తి చూపును. నిట్టనిలువుగా చూచినచో 8 అడుగుల నీరు 6 అడుగులుగా తోచును. గట్టుమీదనుండి వాలుగా చూచువానికి ఇంకను తక్కువగా కనబడును. ఆ బాలుడు చూచినది గట్టుమీదనుండియే.

ఈ వంపునకు సూత్రమును 1621లో హాలండు దేశీయుడగు స్నెల్ కనుగొనెను. అంతకు 600 ఏండ్లకు పూర్వమే, 984 ప్రాంతమున, బాగ్దాదు పండితుడగు ఇబ్న్ సహల్ దానిని వ్రాసియుంచెను. ఇరువురి గ్రంథములను ఎరుగని జాలరి, చేప కనబడిన చోటునకు క్రిందుగా బల్లెము గురిపెట్టును. ఆ చేతికి నేను నమస్కరింతును.

వెలుగును వంచు నీటిమట్టమే దానిని త్రిప్పియు పంపును. నిలువుగా పడిన వెలుగులో నూటికి రెండుపాళ్లే తిరిగివచ్చును. మిక్కిలి వాలుగా పడినదానిలో అధికభాగము తిరిగివచ్చును. అందుచే క్రిందిమెట్టుపై కూర్చుండి దూరపునీటిని చూచినచో అడుగు కనబడదు. ఎదుటి వేపచెట్టు తలక్రిందులుగా కనబడును. "కడుపు దాచుకొన్న నీరే మేలురా! దానిని నమ్మి యెవడును దుముకడు" అని మా పినతండ్రిగారనెడివారు.

నాకు ఈత వచ్చిన పిమ్మట, ఒకనాడు నీటిలో మునిగి పైకి చూచితిని. నీటిలో కన్నులకు అన్నియు మసకయే. అయినను తలపై గుండ్రని వెలుగుకిటికీ యొకటి కనబడెను. ఆకాశము, గట్టు, వేపకొమ్మలు సమస్తము ఆ వలయములోనే యిమిడియుండెను. నిలువునుండి 49 డిగ్రీలు దాటిన చూపునకు నీటిమట్టము అద్దమగును. కావున ఆ కిటికీచుట్టును మునిగియున్న మెట్లే తలక్రిందులుగా వ్రేలాడుచుండెను. పైకి రావలెనని తోచలేదు. ఊపిరి చాలక వచ్చితిని.