ప్లాటినం లేని ప్లాటినం

మన మెకానిక్కులు ‘ప్లాటినం’ అని పిలిచిన చిన్న వస్తువొకటి ఉండేది. రాజ్‌దూత్, జావా వంటి మోటారు సైకిళ్ళు నడిపిన తరం వారికి ఆ మాట చెవిన పడగానే పెట్రోలు వాసన, సున్నా నంబరు గరుకు కాగితం గుర్తుకు రాక మానవు. బండి మొరాయించిందంటే మొదటి అనుమానం ప్లగ్గు మీద, రెండవది ప్లాటినం మీద. విచిత్రమేమంటే అందులో ప్లాటినం లేదు. తొలినాళ్ళ మాగ్నెటోలలో నిజంగానే ఆ లోహపు మొనలు వాడేవారు. తరువాత వాటి స్థానంలోకి టంగ్‌స్టన్ వచ్చింది. లోహం పోయినా పేరు మిగిలింది. పుస్తకాలలో దీని పేరు కాంటాక్ట్ బ్రేకర్. విడిభాగాల కొట్లో అడిగితే సీబీ పాయింట్లు. ఆ పాయింట్లను ఒక పాత ట్రాక్టరు నుంచి తీసివేసి, వాటి చోట ఎలక్ట్రానిక్ పరికరాన్ని అమర్చే పనిలో నేను చేయి కలిపాను. ఈ టపా ఆ పనిని గురించి.

ట్రాక్టరుకు పాయింట్లేమిటని మన వైపు రైతు ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. మన పొలాలలో తిరిగేవి డీజిలు ట్రాక్టర్లు. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకొంటుంది. నిప్పురవ్వతో దానికి పని లేదు. అమెరికాలో 1940లలో తయారైన చిన్న ట్రాక్టర్ల సంగతి వేరు. అవి పెట్రోలుతో నడిచేవి. వాటిలో పేరెన్నికగన్నది ఫోర్డు 8ఎన్. 1947 నుంచి 1952 వరకు ఐదు లక్షలకు పైగా తయారైనది. బూడిదరంగు రెక్కలు, ఎర్రని పొట్ట, నాలుగు సిలిండర్లు. దాని వెనుక భాగంలోని మూడు చేతుల హైడ్రాలిక్ అమరిక మన రైతులకు కొత్తది కాదు. నాగలినైనా గుంటకనైనా ఎత్తి దించే ఆ అమరికే నేడు మన ప్రతి ట్రాక్టరుకూ ఉన్నది. అది హ్యారీ ఫెర్గూసన్ సృష్టి. ఆయనా హెన్రీ ఫోర్డూ 1938లో కాగితం లేకుండా కరచాలనంతో ఒక ఒప్పందం కుదుర్చుకొన్నారు. పెద్ద ఫోర్డు తరువాత కంపెనీ ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టి 8ఎన్‌ను తయారుచేయగా వ్యవహారం న్యాయస్థానానికెక్కి 1952లో రాజీతో ముగిసింది. చేతులు కలిపిన మాటకు చివరకు కాగితమే దిక్కయింది.

నేనుండేది ఒహైయో రాష్ట్రంలో, డేటన్ నగరానికి గంట ప్రయాణం దూరంలో. మా ఇంటి తరువాతి ఇల్లు ఒక పెద్దాయనది. ఆయన తండ్రి 1948లో కొన్న 8ఎన్ ఇప్పటికీ ఆ ఇంటి కొట్టంలోనే ఉన్నది. బండి వచ్చిన నాడు ఆయనకు ఏడేళ్ళు. ఇప్పుడు పొలం కౌలుకు పోయింది, భార్య కాలం చేసింది, పిల్లలు దూర నగరాలలో ఉన్నారు. మిగిలినవి ఇల్లు, ఈ ట్రాక్టరు, ఇంటినుంచి రోడ్డు వరకు దాదాపు పావు మైలు మట్టి దారి. శీతకాలంలో ఆ దారి మంచుతో పూడుకొనిపోతుంది. ట్రాక్టరు వెనుక పలక తగిలించి ఆ మంచును ఆయనే తోసివేసుకోవాలి. దారి తెరచుకొంటే మందులు తెచ్చే మనిషి వస్తాడు, అవసరమైతే అంబులెన్సు వస్తుంది. తెరచుకోకపోతే ఏమీ రాదు. ఆయన పిల్లల వాదమంతా అక్కడే: “బండి కదలని రోజున మీరేం చేస్తారు? ఇల్లు అమ్మి పట్నానికి రండి.” కనుక ఆ బండి కదలడం, కదలకపోవడం అన్నది ఆయనకు కాలక్షేపపు సంగతి కాదు.

ఆ బండి ఎందుకు కదలదో చెప్పాలంటే పాయింట్ల పనిని కొంత వివరించాలి. బ్యాటరీ ఇచ్చే కరెంటు నిప్పురవ్వకు చాలదు. ప్లగ్గు మొనల మధ్య గాలిని చీల్చుకొని దూకాలంటే వేల వోల్టులు కావాలి. అందుకు కాయిలులో రెండు తీగచుట్టలుంటాయి. మొదటిది లావుపాటి తీగతో కొద్ది చుట్లు, రెండవది సన్నని తీగతో వేల చుట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ మొదటి చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తిరిగే క్యామ్ పాయింట్లను విడదీయగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడమే రెండవ చుట్టలో వేల వోల్టులను పుట్టిస్తుంది. ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. చిత్రమేమంటే రవ్వ పుట్టేది కలయికలో కాదు, విడిపోవడంలో. పక్కనే ఉండే కండెన్సరు, విడిపోతున్న పాయింట్ల మధ్య మంట లేవకుండా కాపాడి, కరెంటు చటుక్కున తెగేటట్లు చేస్తుంది.

బ్యాటరీతో నడిచే ఈ పద్ధతిని మోటారు కార్లకు పనికివచ్చేటట్లు తీర్చిదిద్దినవాడు చార్లెస్ కెట్టరింగ్. 1909 ప్రాంతంలో డేటన్‌లో ఎడ్వర్డ్ డీడ్స్ అనే మిత్రుని ఇంటి వెనుక కొట్టంలో, సాయంత్రాలు, ఆదివారాలు కూర్చొని ఆ పని చేశాడు. 1910 నాటి క్యాడిలాక్ కార్లలోకి అది ప్రవేశించింది. డేటన్‌ను ఆనుకొని ఆయన పేరిట ఒక ఊరే ఉన్నది. కొట్టంలో పుట్టిన విద్యను కొట్టంలోనే విప్పి చూస్తున్నామన్నమాట.

ఇంజను నిమిషానికి పదిహేను వందల సార్లు తిరిగిందనుకొందాం. నాలుగు సిలిండర్ల బండిలో పాయింట్లు నిమిషానికి మూడు వేల సార్లు, గంటకు లక్షా ఎనభై వేల సార్లు విడిపోయి కలుస్తాయి. ప్రతిసారీ ఒక మొన నుంచి రవ్వంత లోహం కరగి రెండవ మొనకు అంటుకొంటుంది. కొంతకాలానికి ఒకవైపు గుంట, రెండవవైపు దిబ్బ. క్యామ్ మీద రాసుకొనే దిమ్మ అరిగి ఎడం తగ్గుతుంది; ఎడం తగ్గితే రవ్వ ఆలస్యమవుతుంది. పని చేస్తే ఇదీ బాధ. పని చేయకపోతే ఇంకొకటి: నెలలకొద్దీ కదలని బండిలో చెమ్మకు పాయింట్ల మీద కంటికి కనబడని పొర పేరుకొంటుంది. ఆరు వోల్టులైనా పన్నెండు వోల్టులైనా ఆ పొరను దాటలేక ఆగిపోతాయి. వేసవి అంతా పడుకొని, తొలి మంచు కురిసిన ఉదయాన లేవవలసిన బండికి ఇది సరిగ్గా ఉచ్చు.

ఇన్నేళ్ళూ పెద్దాయన ఆ పొరను తానే తుడుచుకొన్నాడు. ఆ కాలపు 8ఎన్‌లో డిస్ట్రిబ్యూటరు ఇంజను ముందు భాగంలో, ఫ్యాను వెనుక ఇరుకులో ఉంటుంది. 1950లో గాని దానిని పక్కకు మార్చలేదు. ముందరిదానిని ఉన్నచోటనే సరిచేయడం దుస్సాధ్యం. రెండు బోల్టులు విప్పి బల్ల మీదకు తెచ్చుకోవడమే తెలివి. ఆ పని ఆయన కళ్ళు మూసుకొని చేసేవాడు. అయితే రెండేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వేయింట పదిహేను వంతులు ఉండాలి. నాలుగు తెల్లకాగితాలు పేర్చినంత మందం. వణికే చేతికి ఆ ఎడం అందదు.

ఎలక్ట్రానిక్ పరికరం పెట్టించుకొమ్మని సలహా ఇచ్చినవాడిని నేనే. కారులలో ఈ మార్పు ఏనాడో జరిగింది. క్రైస్లరు సంస్థ 1973 నాటికే అమెరికాలో తన కార్లన్నిటికీ పాయింట్లు లేని పద్ధతిని తెచ్చింది. పాత ట్రాక్టర్లలో అమర్చుకొనేందుకు వీలుగా చిన్న కిట్లు దొరుకుతాయి. పెద్దాయన విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “సరే. ఐతే ముందు నీవు పాయింట్లు సరిచేయడం నేర్చుకో. ఊడదీసేది ఏమిటో తెలియకుండా దేన్నీ ఊడదీయకూడదు.”

అలా ఒక శనివారమంతా గడిచింది. డిస్ట్రిబ్యూటరును బల్ల మీద పెట్టి, క్యామ్ శిఖరం దిమ్మకు సరిగ్గా తగిలేటట్లు తిప్పి, ఫీలర్ గేజి రేకును మొనల మధ్య జార్చడం నేర్చుకొన్నాను. రేకు వదులుగా జారకూడదు, పట్టుకోకూడదు; వెన్నలో కత్తి దిగినట్లు ఉండాలి. చిన్న ఆకురాయితో మొనలను చదునుచేసి, చివరకు శుభ్రమైన అట్టముక్కను మధ్యలో పెట్టి లాగాలి, ఆకురాయి రజనూ వేలి జిడ్డూ మిగలకుండా. ఆయన చేతులు వెనక్కు కట్టుకొని నిలబడి మాటలతోనే నడిపించాడు. తెనాలిలో మా నాన్నగారి రాజ్‌దూత్‌ను బాగుచేసిన మెకానిక్కు దగ్గర ఫీలర్ గేజి చూచిన గుర్తు లేదు. సిగరెట్టు పెట్టెలోని పలుచని కాగితం పాయింట్ల మధ్య ఇరికించి, చక్రం మెల్లగా తిప్పుతూ, కాగితం వదులైన క్షణాన్నిబట్టి టైమింగు చెప్పేవాడు. ఆ మాట చెబితే పెద్దాయన ముఖం వెలిగింది. మా నాన్న కూడా అంతే అన్నాడు. సముద్రాలకు ఇవతలా అవతలా ఒకే కాగితం.

సాయంత్రానికి బండి లేచింది. మరునాడు, నేను సరిచేసిన ఆ పాయింట్లనే నా చేత ఊడదీయించాడు.

కొత్త పరికరంలో కదిలే మొనలు లేవు. క్యామ్ మీద తొడిగే ఒక ఉంగరంలో చిన్న అయస్కాంతాలుంటాయి. ఎదురుగా వేలి కణుపంత బిళ్ళ. అయస్కాంతం దాటిపోయినప్పుడల్లా ఆ బిళ్ళ గ్రహించి, లోపలి ట్రాన్సిస్టరుతో కాయిలు కరెంటును తెంచుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో బాల్టిమోరులో విద్యార్థిగా ఉండగా కనుగొన్న ప్రభావమే దీని ఆధారం. తాకకుండా తెలుసుకొంటుంది కనుక అరుగుదల లేదు, చెమ్మ పొర బాధ లేదు. ఐతే కొన్ని నియమాలు తప్పవు. ఈ బళ్ళు పుట్టుకతో ఆరు వోల్టులవి, పైగా బ్యాటరీ ధన ధ్రువాన్ని బండి శరీరానికి కలిపినవి. చాలామంది తరువాత పన్నెండు వోల్టులకు, ఋణ ధ్రువానికి మార్చుకొన్నారు. ఈయన బండి కూడా మార్చినదే. ఏ బండి ఏ రకమో చూడకుండా కిట్టు కొంటే, తీగ కలిపిన మరుక్షణం బిళ్ళ మాడిపోగలదు. బిళ్ళకు బ్యాటరీ వోల్టేజి పూర్తిగా అందాలి, నిరోధకం గుండా తగ్గి రాకూడదు. ప్లగ్గులకు పోయే ఉత్త రాగి తీగలను మార్చి, రేడియో రొదను అణచే తీగలు వేశాము. ఆ రొద బిళ్ళను తికమక పెట్టగలదు. ఇంజను ఆగి ఉండగా తాళం తెరచి వదలివేయడం పాయింట్లకూ మంచిది కాదు, బిళ్ళకు మరీ కాదు.

మొత్తం పని రెండు గంటలు. మీట నొక్కగానే ఇంజను ఒక్క తిరుగుడుకే అందుకొన్నది. నాకు సంతోషం కలిగింది. పెద్దాయన మాత్రం తల వంచి వింటూ ఉండిపోయాడు. కొంతసేపటికి, “బాగున్నది,” అన్నాడు. “ఇక ఇది చెడిపోతే మాత్రం చెప్పకుండా చెడిపోతుంది.”

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. పాయింట్లు చావబోయే ముందు వారాల తరబడి మూలుగుతాయి: ఇంజను దగ్గుతుంది, బరువు మీద తడబడుతుంది, ఉదయాన ఆలస్యంగా లేస్తుంది. వినగలిగిన వాడికి అది భాష. పొలం మధ్యలో ఆగినా జేబులోని అట్టముక్కతో ఇల్లు చేరవచ్చు. బిళ్ళకు మూలుగు లేదు. పని చేస్తుంది, లేదా చేయదు. చేయనినాడు విప్పి చూచేందుకు లోపల ఏమీ లేదు, మూసి పోతపోసిన ముద్ద. కంప్యూటర్లతో బ్రతికే నాకు అటువంటి ముద్దలు అలవాటే, ఆయనకు కావు. డెబ్బై ఏళ్ళుగా నేర్చిన భాష ఆయన కొట్టంలోనే ఆ మధ్యాహ్నం పనికిరానిదైపోయింది. అది ఆయన మేలుకే జరిగింది, ఆయన సమ్మతితోనే జరిగింది. ఐనా నష్టం నష్టమే.

పాతదానికీ కొత్తదానికీ మధ్య తగవుగా దీనిని చూడడం నాకు సమ్మతం కాదు. బాగుచేసుకోగల వస్తువు మంచిదే, బాగుచేసే చేతులున్నంతకాలం. చేతులు వణికేవేళకు ఆ మంచితనమే సంకెల అవుతుంది. బండి మొండికేసిన ప్రతిసారీ ఇతరుల కోసం ఎదురుచూడవలసి వస్తే అది స్వతంత్రం కాదు. ఆయన తన విద్యను వదులుకొని తన దారిని నిలుపుకొన్నాడు. ఆ బేరం ఆయనది. దాని ఖరీదు మాత్రం తేలికైనదని నేననను.

ఐతే విద్య పూర్తిగా పోలేదు. నేను సరిచేసిన పాయింట్లను, కండెన్సరుతో సహా వాటి పలకను, నూనెగుడ్డలో చుట్టి ఒక రేకు డబ్బాలో పెట్టి కొట్టంలో అందరికీ కనబడేచోట మేకుకు తగిలించాడు. డబ్బా మీద ఎడం ఎంతో సుద్దతో వ్రాశాడు. “బిళ్ళ పోయిననాడు నీకు పనికివస్తుంది,” అన్నాడు. తనకు అనలేదు, నాకు అన్నాడు.

జనవరిలో ఒక రాత్రంతా మంచు కురిసింది. ఉదయం ఆరు గంటలకు ఏదో రొద వినబడి కిటికీ తెర తొలగించాను. ఆయన దారి అప్పటికే తెరచుకొని ఉన్నది. ఎర్రపొట్ట ట్రాక్టరు మా ఇంటి దారిలో ముందుకూ వెనుకకూ తిరుగుతూ మంచును తోస్తున్నది. మా దారి శుభ్రం చేయమని ఆయనను ఎవరూ అడగలేదు.

రాజ్‌దూత్, జావాల కాలపు మిత్రులెవరైనా ఇది చదివితే ఒక చిన్న విన్నపం. మీ ఊళ్ళలో పాయింట్లను ఏమనేవారు, ఎడం దేనితో చూచేవారు? సిగరెట్టు కాగితం సంగతి ఆయనకు చెప్పాను. ఇంకేమైనా ఉంటే అవీ చెబుతాను. ఆయన అడుగుతున్నారు.