షోళింగనల్లూరు సముద్రపు గాలి: ఏ పటం కొనాలి?

చెన్నపట్నంలో కాపురమున్న మన తెలుగువారికి షోళింగనల్లూరు పేరు చెప్పగానే కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలూ, సాయంకాలమయ్యేసరికి అంగుళం కదలని బస్సులూ కళ్ళముందుకు వస్తాయి. అందులో వింతలేదు. పాత మహాబలిపురం రోడ్డు మీది ఈ ఊరు 2011లో నగర కార్పొరేషనులో కలిసింది. అంతకు ముందూ ఆ తరువాతా మనవాళ్ళు ఉద్యోగాల నిమిత్తం వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకుంటూనే ఉన్నారు. అయితే ఆ పెద్ద కూడలి దగ్గర తూర్పుకు తిరిగి సుమారు 3 కిలోమీటర్లు పోతే సముద్రం ఉన్నదన్న సంగతి మాత్రం ఏళ్ళ తరబడి ఉన్నవారికి కూడా తోచదు.

దారిలో బకింగ్‌హాం కాలువ వంతెన దాటాలి. 1806లో ఆరంభమై, 1878లో ఈ పేరు పెట్టించుకున్న ఆ కాలువ మన పెదగంజాం నుంచి ఇటు మరక్కాణం దాకా వస్తుంది. ఒకప్పుడు మన వైపు సరుకు పడవలు తెరచాప ఎత్తుకుని దీని మీదనే చెన్నపట్నం చేరేవి. గాలి పడిపోతే మనుషులు గట్టున నడుస్తూ తాళ్ళతో లాగేవారు. గాలిని నమ్ముకుని నీటి మీద పోవడం మనకు కొత్తకాదని చెప్పడానికే ఈ మాట ఎత్తుకున్నాము. వంతెన దాటితే అక్కరై, ఆపైన తూర్పు తీరపు రోడ్డు, రోడ్డుకు అవతల ఇసుక, ఇసుకకు అవతల బంగాళాఖాతం.

ఈ మధ్య మన కుర్రవాళ్ళకు కొందరికి కొత్త సరదా పుట్టింది. దాని పేరు కైట్ సర్ఫింగు. పాదాల కింద ఒక పలక, నడుముకు కొక్కెమున్న పట్టీ, చేతిలో అడ్డకర్ర, దానికి ఇరవై మీటర్లకు పైబడిన దారాలు, వాటి చివర ఆకాశంలో గదంత గాలిపటం. పటం లాగుతూంటే మనిషి నీటి మీద పోతాడు. ఇటువంటి పటానికి గాలి నింపిన గొట్టాలు పెట్టి, నీటిలో పడ్డా మునగకుండా మళ్ళీ లేచేటట్టు చేసినవారు ఫ్రాన్సు దేశపు లెగైన్యూ సోదరులు, బ్రూనో, డొమినిక్ అనేవారు. 1984లో దానికి పేటెంటు తీసుకున్నారు. 2024 పారిస్ ఒలింపిక్సులో ఈ పటపు పందెం మొదటిసారి చేరింది.

మా మిత్రుని కుమారుడొకడు వచ్చి, "బాబాయిగారూ, అలల మీద స్వారీకీ, ఫ్రీస్టయిల్ గంతులకూ కలిపి ఒకే పటం కొందామనుకుంటున్నాను. ఏది కొనమంటారు?" అని అడిగాడు. కొత్త పటం అడ్డకర్రతో సహా కొనాలంటే మోటారు సైకిలు ఖరీదవుతుంది. ప్రాణంతో చెలగాటం కూడాను. అందుచేత తొందరపడి జవాబు చెప్పక, కిందటి వేసవిలో రామేశ్వరం వెళ్ళినప్పుడు ఆ విద్య తెలిసినవారిని అడిగి, చూసి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాము.

మొదట తెలుసుకోవలసినది ఏమంటే, ఈ రెండు ఆటలూ పటాన్ని ఒకదానికొకటి విరుద్ధమైన కోరికలు కోరుతాయి. అలల మీద స్వారీ చేసేవాడికి అలే బలం ఇస్తుంది. అల వాలు మీద పటం వైపుగా జారిపోతున్నప్పుడు దారాలు వదులవుతాయి. అప్పుడు మామూలు పటమైతే వెనక్కి వాలి నీళ్ళలో పడుతుంది. అలలకు తగిన పటం గాలితోపాటు మెల్లగా వెనక్కి కొట్టుకుపోతూ ఆకాశంలోనే నిలబడాలి. చిటికెలో తిరగాలి. కర్రను ముందుకు తోస్తే లాగుడు దాదాపు పూర్తిగా చచ్చిపోవాలి. పడితే మరుక్షణం లేవాలి, లేకపోతే తరువాతి అల దాన్ని చింపి పోగులు పెడుతుంది. అందుకని అటువంటి పటాలకు అడ్డగొట్టాలు సాధారణంగా మూడే ఉంటాయి. బరువు తక్కువ.

ఫ్రీస్టయిల్ వాడి సంగతి వేరు. వాడు నడుము కొక్కెం విప్పి, కర్రను చేతులతోనే పట్టుకుని, పలక అంచును నీటికి గట్టిగా అదిమి ఒక్క ఎగురు ఎగురుతాడు. గాలిలో ఉండగా కర్రను వీపు వెనక నుంచి ఒక చేతిలోంచి మరొక చేతిలోకి మార్చుకోవాలి. ఆ క్షణం దారాలు వదులైతేనే అది సాధ్యం. ఇందుకు ఇంగ్లీషు సి అక్షరంలా లోతుగా వంగిన పటం కావాలి. దానికి తరచు ఐదు గొట్టాలుంటాయి. లాగుడు నిలకడగా ఉంటుంది. కాని కర్ర తోసినంత మాత్రాన దాని బలం చప్పున తగ్గదు, నీటిలో పడితే లేపడం కష్టం. నిలకడ గాలీ, చదునైన నీళ్ళూ ఉన్నచోట అది రాజు. గాలి ఎగుడుదిగుడుగా ఉన్నచోట అదే యముడు.

ఇక మన తీరం ఎటువంటిది? అక్కరై, పనైయూరు దగ్గర ఇసుక వెడల్పు తక్కువ. వెనక గోడలూ, ఇళ్ళూ, స్తంభాలూ ఉన్నాయి. అల ఒడ్డునే విరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. అది ఒడ్డుకు ఏటవాలుగా వస్తుంది గనుక పనికి వస్తుంది. ఈశాన్య రుతుపవనపు నెలల్లో అలలు పెద్దవి, తుఫానుల భయం. అన్నిటికన్నా మోసకారి నైరుతి రుతుపవన కాలపు ఉదయం. పడమటి గాలి నేల మీదుగా వీస్తుంది, అలలు అద్దంలా నునుపుగా కనిపిస్తాయి. పలక మాత్రమే ఉన్నవాడికి అది పండగే, కాని పటం ఎత్తినవాణ్ణి ఆ గాలి నడిసముద్రానికి తోసుకుపోతుంది. తమిళ జాలరులు ఉత్తరపు గాలిని వాడై అనీ, తూర్పు గాలిని కొండల్ అనీ పేర్లు పెట్టి పిలుస్తారు. గాలికి పేరు పెట్టినవాడికి దాని స్వభావం తెలుసు. పటం విప్పే ముందు వాళ్ళను ఒక్క మాట అడగడం నామోషీ కాదు.

కనుక మేము ఆ కుర్రవాడికి చెప్పిన జవాబు ఇది. ఈ తీరం కోసమైతే మొదటి పటం అలల పటమే కావాలి. కొక్కెం విప్పకుండా ఎగిరే చిన్నచిన్న గంతులు దాని మీదా నేర్చుకోవచ్చు. సి ఆకారపు పటం మీద మోజు తీరనివాడు రామేశ్వరం వైపో తూత్తుకుడి వైపో పోవాలి. అక్కడ లోతు తక్కువైన చదును నీళ్ళున్నాయి, నేర్పే బడులున్నాయి. మొదటి పాఠాలు కూడా అక్కడే చెప్పించుకోవడం మంచిది.

కొలత మాటకు వస్తే, 75 కిలోల మనిషికి 20 నాట్ల గాలిలో సుమారు 9 చదరపు మీటర్ల పటం, 15 నాట్లలో సుమారు 12 మీటర్లది సరిపోతుంది. నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుందని మరువరాదు. "పెద్దది కొంటే అన్నిటికీ వస్తుంది" అనే మాట ఎదిగే పిల్లల చొక్కాలకు చెల్లుతుంది గాని, ఇక్కడ చెల్లదు.

పాతది కొనేవారు గొట్టాలలో గాలి గట్టిగా కొట్టి, రాత్రంతా ఉంచి, తెల్లవారి నొక్కి చూడాలి. గుడ్డ గరగరమంటూ ఉండాలి, మెత్తబడితే ఆయుష్షు తీరినట్టే. దారాలన్నీ ఒక మేకుకు తగిలించి లాగి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ఆపదలో పటాన్ని వదిలించే మీట పదిసార్లు లాగితే పదిసార్లూ ఊడాలి. అది మొరాయిస్తే పటం ఎంత చవకగా వచ్చినా వద్దు. సంక్రాంతి పటాన్ని మనం పట్టుకుంటాము, ఈ పటం మనల్ని పట్టుకుంటుంది.

మరొక్క మాట. ఆదివారం సాయంత్రం ఒడ్డున పిల్లాపాపలూ, మొక్కజొన్న పొత్తుల బండ్లూ ఉంటాయి. ఆ వేళ దారాలు పరచవద్దు. జాలరుల వలలకూ పడవలకూ ఎప్పుడూ దూరంగా ఉండండి. డబ్బు ఇచ్చే ముందు ఒక నెల రోజులు సాయంత్రాలు అక్కరై ఒడ్డుకు పోయి, గాలి ఏ దిక్కు నుంచి, ఏ వేళకు వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ పుస్తకం నిండిన తరువాత ఏ పటం కొనాలో మమ్మల్ని అడగవలసిన పని ఉండదు.