వయస్సును, ఎదుగుదలయు



గృహకృత్యములను, శిశుపోషణమును గూర్చి చదువ నలవాటుపడిన మీకు, అమెరికా దేశపు బాస్కెట్‌బాల్ ఆటను గూర్చి మేము వ్రాయబూనుట వింతగా తోచవచ్చును. కాని మా యింట నొక బిడ్డ కన్నీరు పెట్టుకొనగా, అందులకు కారణమును వెదకుచు మేము తుదకచ్చటికి చేరితిమి.

మా పెద్దమ్మాయికి 17 ఏండ్లు. ఆ యాటయన్న దానికి ప్రాణము. గడచిన వేసవిలో నొక క్రీడాశిక్షణాలయమున నొక్క స్థానము ఖాళీపడెను. పరీక్షకు వచ్చినవారిలో కడపట మా పిల్లయు, 14 ఏండ్ల మఱియొక బాలికయు మిగిలిరి. ఆనాడు బుట్టలో నెక్కువసారులు బంతి వేసినది మా పిల్లయే. అయినను వారు చిన్నదానినే తీసికొనిరి. మావారు కారణమడుగగా, “మీ అమ్మాయి బాగుగా ఆడినదండీ. కాని ఆ పిల్లకు ఇంకను ఎదుగుటకు మూడేండ్ల వ్యవధి యున్నది” అని చెప్పిరట. ఆ రాత్రి మా బిడ్డ అన్నము ముట్టలేదు. మేమును ఆ పెద్దలను మనస్సులో నెన్నియో మాట లనుకొంటిమి.

జూను నెలలో నొకనాటి తెల్లవారుజామున మా చిన్నవాడు కంప్యూటరు ముందు కూర్చుండి యేదో శ్రద్ధగా చూచుచుండెను. అడుగగా, “డ్రాఫ్టు జరుగుచున్నదమ్మా” అనెను. పాలు కాచుచునే వానిచేత ఆ సంగతినంతయు చెప్పించుకొంటిమి.

అమెరికాలో ఎన్.బి.ఏ. అను సంఘమున 30 జట్లు కలవు. ఏటేట అవి వరుసగా, రెండు వరుసలలో, క్రొత్త యువకులను ఎన్నుకొనును. క్రిందటి యేడు ఓడిపోయిన జట్లకు ముందు వంతు దొరకునట్లు లాటరీ వేయుదురు. మొదటి వరుసలో ఎన్నుకోబడినవానికి రెండేండ్లు తప్పనిసరిగా జీత మీయవలెను. తరువాతి రెండేండ్లు ఉంచుకొనుటయు మానుటయు జట్టు ఇష్టము. కనుక ఎన్నుకొనువారు నేటి యాటను మాత్రమే చూడరు. నాలుగేండ్ల తరువాతి యాటను ఊహింతురు. నేడు 19 ఏండ్లవాడప్పటికి 23 ఏండ్లవాడగును, 22 ఏండ్లవానికి 26 వచ్చును. ఈ యాటలో దేహమునకును బుద్ధికిని నిండుబలము సాధారణముగా ఇరువదియైదు దాటిన పిమ్మట వచ్చునందురు. ఇద్దరును నేడు సమానముగా నాడుచున్నచో, చిన్నవాని కింకను పెరుగుదల మిగిలియున్నదని లెక్క.

ఇంకొక లెక్కయు కలదు. కాలేజీలో 22 ఏండ్లవాడు 18 ఏండ్లవారిపై ఆడి గెలిచినచో, ఆ గెలుపులో నేర్పెంత, వయస్సెంత అని వారు విడదీసి చూతురు. ఇది మాకు క్రొత్త గాదు. ఒకే తరగతిలో రెండేండ్లు పెద్దవాడైన బాలుడు మొదటివాడుగా వచ్చినచో, మావారును ఇట్లే ఆలోచింతురు.

ఇది వినినంతనే శిక్షణాలయమువారి మాట జ్ఞప్తికి వచ్చెను. వారిది పక్షపాతము కాదు, లెక్క. మా కోపము సగము చల్లారెను. కాని మిగిలిన సగము, “ఈ లెక్క ఎల్లప్పుడును ఫలించునా?” యను ప్రశ్నగా మాఱెను. మా చిన్నవాడు 2001 సంవత్సరపు డ్రాఫ్టును చూపెను.

ఆ యేడు మొదటి నలుగురిలో ముగ్గురు హైస్కూలునుండి నేరుగా వచ్చిన బాలురు. మొట్టమొదట వాషింగ్టన్ జట్టు క్వామే బ్రౌన్ అను 19 ఏండ్లవానిని తీసికొనెను. హైస్కూలునుండి తిన్నగా వచ్చి ప్రథముడుగా ఎన్నికైన మొదటివాడతడే. ఆ జట్టు వ్యవహారములను నడపుచుండినవాడు జగద్విఖ్యాతుడైన మైకేల్ జోర్డాన్. వారాశించిన ఎదుగుదల రాలేదు. నాలుగేండ్లకే ఆ జట్టతనిని వదలుకొనెను. అతడు 12 సంవత్సరములలో ఏడు జట్లు తిరిగెను. రెండవవాడైన టైసన్ చాండ్లరును అట్టి బాలుడే. అతడు 2011 లో డల్లాస్ జట్టుతో విజేతయై, 2012 లో ఉత్తమ రక్షకుడను బిరుదు పొందెను. నాటిన చెట్టు కాయుటకు పదేండ్లు పట్టినది. అప్పటికి తోట మఱియొకరిది.

ఆఱవ స్థానమున షేన్ బాటియర్ అను నతడు ఎన్నికయ్యెను. ఇతడు డ్యూక్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్లు చదివి, ఆడి, 22 ఏండ్లకు వచ్చినవాడు. ఇతడు 2012, 2013 సంవత్సరములలో మయామీ జట్టుతో రెండుసారులు విజేత యయ్యెను. ఇక 28వ స్థానమున, అందఱును వదలివేయగా మిగిలిన టోనీ పార్కరును సాన్ ఆంటోనియో జట్టు తీసికొనెను. ఇతనికిని 19 ఏండ్లే. ఇతడా జట్టుతో నాలుగుసారులు విజేత యయ్యెను.

ముగ్గురును ఒకే యీడు బాలురు కదా, ఫలితము లింత వేఱైన వేల? అని ఆలోచింపగా మాకు బాలకాండ జ్ఞప్తికి వచ్చెను. విశ్వామిత్రుడు రాముని పంపుమనినప్పుడు దశరథుడు, పదునాఱేండ్లైన నిండని బిడ్డడని వాపోయెను. మహర్షి బాలునిలో రానున్న బలమును కనుగొనెను. ఈ కథను చెప్పునప్పుడు మనము మహర్షి దూరదృష్టిని మాత్రమే పొగడుదుము. ఆయన రాముని ఎన్నుకొని యూరకుండెనా? సరయూతీరముననే బలాతిబలలను విద్యల నుపదేశించెను. తాటకను చంపిన పిదప అస్త్రముల నొసగెను. దారి పొడుగునను కథలు చెప్పుచు వెంట నడచెను. ఎదుగునని చెప్పినవాడే ఎదుగుటకు కావలసినది సమకూర్చెను.

సాన్ ఆంటోనియోలో జరిగినదియు నట్టిదే. అప్పటికే పార్కరు ఫ్రాన్సు దేశమున పెద్దవారితో జీతమునకు ఆడిన అనుభవము కలవాడు. గ్రెగ్ పోపోవిచ్ అను శిక్షకుడతనిని గట్టిగా గద్దించుచునే, మొదటి యేడే ముఖ్యమైన స్థానమున ఆడించెను. ప్రక్కన టిమ్ డంకన్ వంటి పెద్దవాడుండెను.

ఈ డంకన్ కథ తల్లులు వినదగినది. ఇతడు వర్జిన్ ద్వీపములవాడు, మొదట ఈతగాడు. 1989 లో వచ్చిన హ్యూగో తుఫానున అచ్చటి ఈతకొలను పాడయ్యెను. మఱుసటి యేడు పదునాలుగవ పుట్టిననాటికి ముందుదినమున తల్లి కాన్సరుతో కన్నుమూసెను. చదువు పూర్తిచేసెదనని ఇతడు తల్లికి మాట యిచ్చియుండెను. కాలేజీలో రెండేండ్లు గడచినప్పటినుండియు డ్రాఫ్టునకు పోవచ్చునని లోకమనుచుండినను, నాలుగేండ్లు చదివి, పట్టము పుచ్చుకొని, 1997 లో ప్రథముడుగా ఎన్నికై, అయిదుసారులు విజేత యయ్యెను. ఆలస్యమువలన అతనికి పోయినదేమియు లేదు.

2006 సంవత్సరపు డ్రాఫ్టునుండి, ఆ యేడు 19 ఏండ్లు నిండనివారిని ఎన్నుకొనరాదనియు, అమెరికా బాలురు హైస్కూలు విడిచి యొక యేడైనను గడువవలెననియు నియమము చేసిరి. బాలికల పద్ధతి వేఱు. కేట్లిన్ క్లార్క్ అను యువతి అయోవా విశ్వవిద్యాలయమున నాలుగేండ్లు ఆడి, 2024 లో 22 ఏండ్లకు ప్రథమురాలుగా ఎన్నికై, ఆ యేడే క్రొత్తవారిలో నుత్తమురా లనిపించుకొనెను. నాటి నియమమున అమెరికా బాలికలు చదువు ముగించినవారో, ఆ యేడు 22 ఏండ్లు నిండువారో కావలసియుండెను.

మన దేశపువాడొకడును ఈ లెక్కలోనికి ఎక్కెను. పంజాబులోని బల్లో కే గ్రామవాసియగు సత్నామ్ సింగ్ 7 అడుగుల 2 అంగుళముల పొడవరి. పదునాలుగవ యేట ఫ్లోరిడాకు పోయి నేర్చుకొని, 2015 లో 52వ స్థానమున డల్లాస్ జట్టుచే ఎన్నికయ్యెను. భారతదేశమున పుట్టి డ్రాఫ్టులో ఎన్నికైన మొదటివాడతడే, వయస్సు 19. ప్రధానమైన పోటీలలో నొక్కటియైనను ఆడు నవకాశ మాతనికి రాలేదు. చిన్నవయస్సు, గొప్ప పొడవు రెండునుండియు తలుపు సగమే తెఱవబడెను.

ఇవి యన్నియు మా పిల్లకు చెప్పితిమి. అది అంతయు విని, “అయితే నేను అప్పుడే ముదిరిపోతినా అమ్మా?” అని యడిగెను. ఆ ప్రశ్న మా గుండెను పట్టివేసెను. అప్పుడు మా చిన్నవాడే, “డేమియన్ లిల్లర్డ్ చిన్న కాలేజీలో నాలుగేండ్లుండి, 2012 లో డ్రాఫ్టునకు వచ్చినాడక్కా. ఆఱవవాడుగా ఎన్నికైనాడు. ఆ వచ్చిన సీజనులోనే క్రొత్తవారిలో నుత్తము డనిపించుకొన్నాడు” అని చెప్పెను. మా పిల్ల నవ్వలేదు గాని, ఆ సాయంకాలము బంతి తీసికొని మావారి పాఠశాల మైదానమునకు పోయెను.

దానికి వేఱొక స్థానము దొరకునో లేదో మేమెఱుగము. ఆ చిన్నపిల్లపై మాకిప్పుడు కోపము లేదు. మీదుమిక్కిలి దిగులే కలుగుచున్నది. ఎన్నుకొన్న పెద్దలు మూడేండ్లును దాని వెంట నడతురా? కోరిన యెదుగుదల ఆలస్యమైనచో, తప్పు దానిదే యందురా?

అమ్మలారా! మనమును ఇంట నిట్టి ఎన్నికలు చేయుచునే యున్నాము. ఒక బిడ్డను “వీడు ముందుముందు ఎంతవాడగునో” యని మురిసి వదలివేయుదుము. మఱియొకతెను “దీనికి వయస్సు మీఱినది, ఇంకేమి నేర్చును?” అని వదలివేయుదుము. రెంటను వదలివేయుటయే జరుగుచున్నది. బిడ్డకు మిగిలిన యేండ్లను లెక్కించువారు, ఆ యేండ్లలో తామేమి చేయుదురో దానినికూడ లెక్కింపవలెను. మా యింట నీ లెక్క ఆలస్యముగా మొదలైనది. రేపటినుండి సాయంకాలము వంట ముందుగా ముగించుకొని, మైదానమున బంతి అందించుటకైనను పోవలెనని మేము నిశ్చయించుకొంటిమి.